ఇరుగుపొరుగు సంఘము – పరిసరముల ఆరోగ్యము

సూరత్ నగరము నుండి బార్డోలీ వైపు పోవు రహదారిపై కడోదరా కూడలి దాటిన పిమ్మట జోల్వా అను ఊరు వచ్చును. అది గుజరాత్ రాష్ట్రమున సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలోనిది. ఆ ప్రాంతపు నేల నల్లరేగడి. తపతీ నదిపై కాక్రాపార్ వద్ద కట్టిన ఆనకట్ట కాలువల వలన అక్కడ చెరకు, వరి విస్తారముగా పండును. ఆ చెరకు తోటల నడుమనే గత కొన్ని దశాబ్దములలో మరమగ్గముల షెడ్లు, అద్దకము మిల్లులు, నూలు కర్మాగారములు వెలసినవి. వాటి వెంట కార్మికుల గదులు, చిన్న ఉద్యోగుల ఇండ్ల వరుసలు వచ్చినవి.

సూరత్ పరిసరములకు బ్రతుకుతెరువు కొరకు వచ్చినవారిలో గంజాం జిల్లా ఒడియావారు, ఉత్తరప్రదేశ్, బీహారు, మహారాష్ట్రలవారు కలరు. కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల నుండి వలసపోయిన పద్మశాలీలు అక్కడ తరతరములుగా స్థిరపడియున్నారు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతోపాటు తెలుగు మాధ్యమమున కూడ ప్రాథమిక పాఠశాలలను నడపుటయే ఆ జనాభాకు నిదర్శనము. కావున అక్కడి మురుగు, అక్కడి త్రాగునీరు, అక్కడి గాలి తెలుగు పాఠకులకు దూరపు సంగతులు కావు.

జోల్వా వంటి ఊళ్ళది ఒక చిక్కు పరిస్థితి. అవి పేరునకు గ్రామములు, బ్రతుకున పట్టణములు. కొన్ని వందల ఇండ్లకు సరిపడునట్లు ఏర్పడిన పంచాయతీకి వేలకొలది కుటుంబముల చెత్తను ఎత్తవలసిన భారము హఠాత్తుగా మీదపడును. వీధి ఒకరిది, కాలువ మరియొకరిది. మిల్లునీటిని విచారించవలసినది కాలుష్య నియంత్రణ బోర్డు. ఇండ్లు కట్టి అమ్మినవాడు అమ్మకము ముగియగానే వెడలిపోవును. కాలువ పొంగి ఇంటిలోనికి మురుగు వచ్చినప్పుడు గృహస్థుడు ఎవరి తలుపు తట్టవలెను? ఒంటరి గృహస్థుడు నాలుగు కార్యాలయములు తిరిగి, ఐదవ దానికి పోలేక ఊరకుండును. ఇరుగుపొరుగు సంఘము అవసరము ఇక్కడనే పుట్టుచున్నది.

1994వ సంవత్సరపు అనుభవము

పారిశుద్ధ్యమును గురించి సూరత్ పేరు ఎత్తినప్పుడు 1994వ సంవత్సరము జ్ఞప్తికి రాక తప్పదు. ఆ యేడు వానలు అధికము. తపతి పొంగి పల్లపు పేటలు నీట మునిగినవి. నీరు తీసిన పిమ్మట బురద, కుళ్ళిన చెత్త, చచ్చిన పశువుల కళేబరములు వీధులలో నిలిచినవి. సెప్టెంబరు మూడవ వారమున ఊపిరితిత్తుల ప్లేగు బయటపడెను. కొద్ది దినములలో లక్షల జనము నగరము విడిచి రైళ్ళలోను, బస్సులలోను స్వస్థలములకు తరలిపోయిరి. దేశమంతట కలిపి మరణించినవారు 50 మందికి కొంచెము పైగా మాత్రమే. కాని ఆ భయము వలన మూతబడిన మగ్గములు, నిలిచిపోయిన ఎగుమతులు, పస్తులున్న కూలీలు ఆ లెక్కలో చేరలేదు.

ప్లేగు చెత్త వలన పుట్టునని చెప్పుట శాస్త్రసమ్మతము కాదు. అది ఎలుకలలో ఉండు సూక్ష్మజీవి వలన కలుగును. ఎలుకల మీది గోమారి ద్వారా మనుష్యునకు సోకును. ఊపిరితిత్తులకు దిగినప్పుడు దగ్గు తుంపరల ద్వారా ఒకరి నుండి మరియొకరికి ప్రాకును. తొలి గంటలలోనే తగిన మందు పడినచో నయమగును. అయితే ఎలుకలకు తిండిని, చోటును ఇచ్చునది చెత్తయే.

1995లో నగరపాలక కమీషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు గారు చేసిన మార్పు అందరెరిగినదే. నగరమును 6 మండలములుగా విభజించి, ఒక్కొక్క మండలమునకు అధికారము గల కమీషనరును నియమించిరి. అధికారులు ప్రతిదినము ఉదయము కార్యాలయములు విడిచి వీధులలో తిరుగవలెనని నియమము పెట్టిరి. రాత్రివేళ ఊడ్చుట, చెత్త వేసినవారికి జుల్మానా, అపరిశుభ్రముగా ఉన్న ఫలహారశాలలపై చర్య, ప్రజా మరుగుదొడ్ల నిర్మాణము వరుసగా జరిగినవి. రెండేండ్లు తిరుగకమునుపే సూరత్ దేశమున మిక్కిలి పరిశుభ్రమైన నగరములలో ఒకటిగా పేరొందెను.

ఈ కథ చెప్పునప్పుడు ఒక్క విషయము తరచు మరుగున పడుచుండును. ఆ సంస్కరణ నగరపాలక సంస్థ హద్దులలో జరిగినది. హద్దులకు వెలుపల, చెరకు తోటల నడుమ పెరిగిన ఊళ్ళలో ఆ కమీషనరు లేడు, ఆ రాత్రి ఊడ్పు లేదు. పరిశ్రమలు నగరపు అంచులకు జరిగినకొలది జనమును అంచులకే జరిగినది. నగరము శుభ్రపడి, దాని భారము పొరుగు ఊళ్ళ మీద పడుట సూరత్ ఒక్కదానికే చెందిన సంగతి కాదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము చుట్టును ఇదియే కానవచ్చును.

త్రాగునీరు – మురుగునీరు

సంఘము మొదట చూడవలసినది త్రాగునీటిని. 1854లో లండను నగరమున బ్రాడ్ వీధి ప్రాంతమున కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అను వైద్యుడు మృతుల ఇండ్లను పటముపై గుర్తించి, వారందరు ఒకే చేతిపంపు నీరు త్రాగిరని చూపెను. సెప్టెంబరు 8వ తేదీన స్థానిక సభవారు ఆ పంపు పిడిని తీయించిరి. ఈ వృత్తాంతమున స్నో పేరు ప్రసిద్ధము. కాని ఆ పేటలో ప్రతి ఇంటిని ఎరిగిన హెన్రీ వైట్‌హెడ్ అను క్రైస్తవ పురోహితుడు ఇల్లిల్లు తిరిగి విచారించి, పంపు ప్రక్కనే ఉన్న ఇంటిలో ఒక పసిబిడ్డకు ముందుగా విరేచనములు పట్టినవనియు, ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీరు బావికి కొద్ది అడుగుల దూరమున ఉన్న గుంటలో పోసిరనియు కనుగొనెను. వైద్యునికి పటము కావలసివచ్చెను. పటమునకు వీధిని ఎరిగిన మనిషి కావలసివచ్చెను.

జోల్వా పరిసరముల నేలకు ఈ వృత్తాంతము సరిగా వర్తించును. నల్లరేగడి వానకు ఉబ్బి నీటిని త్వరగా ఇంకనీయదు. ఎండకు బీటలు వారును. కాలువ పారకమున్న చోట్ల భూగర్భజలము పైకి వచ్చియుండును. ఇట్టి నేలలో సెప్టిక్ ట్యాంకు నీటిని ఇంకుడు గుంటకు వదలిన ఇండ్లు దగ్గర దగ్గరగా ఉన్నచో ఆ నీరు ఎక్కడికి పోవును? వానకాలమున అది వీధిపైకి వచ్చును. బీటల ద్వారా ప్రక్క ఇంటి బోరుబావికి చేరును. త్రాగునీటి బావికిని మలగుంటకును సాధారణముగా 15 మీటర్ల దూరము ఉండవలెనందురు. నీరు పైకి వచ్చు నేలలో అదియును చాలకపోవచ్చును. చిన్న చిన్న స్థలములుగా కోసి అమ్మిన కాలనీలలో 15 మీటర్లలో రెండు మూడు ఇండ్లు ఇముడును. అనగా ఒక గృహస్థుడు తన స్థలములో ఎంత జాగ్రత్తగా ఉన్నను ప్రయోజనము లేదు; పొరుగువానితో కలిసి ఆలోచింపక తప్పదు.

సంఘమువారు వీధుల పటము ఒకటి గీయవలెను. గొప్ప పటము అక్కరలేదు. పిల్లల లెక్కల పుస్తకములోని గళ్ళ కాగితము చాలును. ఏ ఇంటి బోరు ఎక్కడ, ఏ ఇంటి మలగుంట ఎక్కడ, కుళాయి గొట్టము మురుగుకాలువను ఎక్కడ దాటుచున్నది, వాననీరు ఎక్కడ నిలుచును అనునవి దానిపై గుర్తించవలెను. తరువాత ఎవరికి విరేచనములు, కామెర్లు, విషజ్వరము వచ్చినను ఆ పటముపై ఒక చుక్క పెట్టవలెను. రోగి పేరు వ్రాయనక్కరలేదు, వ్రాయరాదు కూడ. ఒక సంవత్సరము గడచునప్పటికి ఆ చుక్కలు గుంపుగా చేరిన చోటును చూపి అధికారితో మాట్లాడుట తేలిక.

కుళాయి నీటిలో మిగిలియుండు క్లోరిను లీటరునకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండవలెనని భారత ప్రమాణము. దీనిని కొలుచుటకు రంగును బట్టి చెప్పు చిన్న పెట్టె దొరకును. పదునైదేండ్ల బాలుడు కూడ నేర్చుకొనగలడు. వీధి చివరి కుళాయి వద్ద పరీక్షించుట ముఖ్యము, ఏలయనగా క్లోరిను ముందుగా తరిగిపోవునది అచ్చటనే. ఉమ్మడి ట్యాంకు నుండి నీరు పొందు గృహసముదాయములలో తేటగా ఉన్న నీటికి 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పొడి చొప్పున కలిపి, గంటసేపు ఉంచి వాడవచ్చును. పాతబడి తడి తగిలిన పొడిలో సత్తువ ఉండదు. ట్యాంకు అడుగున బురద పేరియున్నప్పుడు పై నుండి ఎంత పొడి చల్లినను వృథాయే. ముందు ట్యాంకు కడుగవలెను.

నిలువ నీటిని గురించి ఒక మాట. డెంగూ దోమ మురుగులో పుట్టదు. ఇంటిలో పట్టియుంచిన మంచినీటి డ్రమ్ములోను, కూలరులోను, మిద్దెపై పడవేసిన టైరులోను పుట్టును. బోదకాలు తెచ్చు దోమ మురుగులో పుట్టును. గ్రుడ్డు దోమగా మారుటకు వారము నుండి పది దినములు పట్టును. కావున వారమునకు ఒక దినము వీధి అంతయు ఒకేసారి పాత్రలు ఒలకబోసి తోమి ఆరబెట్టవలెను. పది ఇండ్లలో తొమ్మిది ఇండ్లు చేసి ఒకటి మానినచో ఆ ఒక్క ఇల్లు పదింటికిని దోమలను పంచును.

మిల్లునీరు

అద్దకము మిల్లు మిక్కిలి నీరు వాడును. రంగులు, లవణములు, ఆమ్లములు, క్షారములు కలిసిన ఆ నీటిని శుద్ధి చేయక వదలరాదు. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము ప్రకారము ప్రతి మిల్లును రాష్ట్ర కాలుష్య నియంత్రణ బోర్డు అనుమతిని పొందవలెను. ఎంత నీరు, ఏ పరిమితులలో, ఎక్కడికి వదలవలెనో ఆ అనుమతిలో వ్రాసియుండును. ఆ కాగితమును 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద సంఘము కోరవచ్చును. ఇది చదువక ముందు చేసిన ఫిర్యాదునకును, చదివిన తరువాత చేసిన ఫిర్యాదునకును తేడా చాల ఉండును.

2022 జనవరి 6వ తేదీ తెల్లవారుజామున సూరత్ సమీపమున సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరు నుండి రసాయన ద్రవమును అక్రమముగా కాలువలోనికి వదలిరి. అందు పుట్టిన విషవాయువు వలన 6 గురు మరణించిరి. 20 మందికి పైగా ఆసుపత్రి పాలైరి. వ్యర్థమును సక్రమముగా శుద్ధి చేయించుటకు ఖర్చగును, రాత్రివేళ కాలువలో వదలుటకు ట్యాంకరు కూలి చాలును. దుర్మార్గము యొక్క లెక్క ఇంత చిన్నది.

గంధకము కలిసిన క్షారద్రవము ఆమ్లపు నీటితో కలిసినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ అను వాయువు వెలువడును. అది గాలికంటె బరువైనది. పల్లములోను, మూసిన కాలువలోను, మ్యాన్‌హోలులోను నిలుచును. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గ్రుడ్ల కంపు కొట్టును. ఎక్కువైనప్పుడు ముక్కు యొక్క వాసన పట్టు శక్తియే నశించును. కంపు ఆగినది గదా అని ముందుకు నడచినవారు కుప్పకూలిన సందర్భములు కలవు. పడినవానిని లాగుటకు దిగి రెండవవాడు, మూడవవాడు చనిపోవుట ఇట్టి ప్రమాదములలో తరచు జరుగును. కాలువ ప్రక్కన కన్నులు మండి, ఊపిరాడక, తల తిరిగినప్పుడు గాలికి అడ్డముగా, మెరక వైపునకు పోవలెను. పిల్లలను, వృద్ధులను ముందు తరలించవలెను. అగ్నిమాపక దళమునకు 101కి గాని, అన్ని సహాయములకు 112కి గాని చెప్పవలెను. గాలి గొట్టము లేక ఎవ్వరును మ్యాన్‌హోలులో దిగరాదు. పారిశుద్ధ్య కార్మికులను ఆ విధముగా దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది.

కాలువ పక్కనుండు కాలనీవారు ఒక దినచర్య పుస్తకము ఉంచుట మేలు. తేదీ, గంట, స్థలము, నీటి రంగు, వాసన, గాలి దిక్కు — ఇంతే. రాత్రి రెండు గంటలకు నీరు ఎర్రబారెనని ఒకసారి చెప్పిన మాటకు విలువ తక్కువ. ఒకే గంటకు, ఒకే చోట, మూడు నెలలలో పదునొకండు మార్లు చూచి వ్రాసినదానికి విలువ ఎక్కువ. సీసాలో పట్టి తెచ్చిన నీరు న్యాయస్థానమున సాక్ష్యముగా నిలువకపోవచ్చును. చట్టము చెప్పిన పద్ధతిని బోర్డు అధికారి తీసిన నమూనాకే ఆ బలము కలదు. అధికారి ఏ వేళ రావలెనో చెప్పగలిగినది ఆ పుస్తకమే.

పటాన్‌చెరువు

ఇట్టి పోరాటము ఎంత కాలము పట్టునో తెలియగోరువారు తెలంగాణములోని పటాన్‌చెరువు చరిత్రను చూడవలెను. హైదరాబాదు వెలుపల ఆ పారిశ్రామికవాడ 1970ల నడుమ ఆరంభమైనది. మందుల పరిశ్రమలు, రసాయన పరిశ్రమలు వచ్చినవి. వాటి వ్యర్థజలము నక్కవాగులో కలిసి మంజీరా వైపు సాగినది. వరిపొలములు చెడినవి, బావినీరు రంగు మారినది. అచ్చట వైద్యవృత్తి నడపిన డాక్టరు అల్లాని కిషన్‌రావు గారు తమ వద్దకు వచ్చు రోగులను చూచి ఆ నీటిని గురించి ప్రశ్నింప మొదలిడి, గ్రామస్థులతో కలిసి దశాబ్దముల తరబడి నిలిచిరి. 1990లో విషయము సుప్రీంకోర్టునకు ఎక్కినది. బాధిత గ్రామములకు త్రాగునీరు, నష్టపరిహారము ఇప్పించుట, సమష్టి శుద్ధి కేంద్రము వచ్చుట ఆ వ్యాజ్యపు ఫలములలోనివి.

అయినను కథ అక్కడితో ముగియలేదు. శుద్ధి కేంద్రము నుండి వెలువడు నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ప్రకటించిన ఫలితములు ప్రపంచమును కలవరపెట్టినవి. సిప్రోఫ్లాక్సాసిన్ అను సూక్ష్మజీవినాశక ఔషధము ఆ నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెను. ఆ మందును మ్రింగిన రోగి రక్తములో ఉండు మోతాదుకంటె అది అధికము. ఇట్టి నీటిలో బ్రతుక నేర్చిన సూక్ష్మజీవులకు ఆ మందు పనిచేయదు. అవి ఆ ఊరిలోనే ఉండిపోవు. శుద్ధి కేంద్రము కట్టిన తరువాత కూడ దాని నుండి ఏమి వెలువడుచున్నదో అడుగుచుండవలసినదే అని పటాన్‌చెరువు వారికి తెలియుటకు పదమూడేండ్లు పట్టెను; ఆ కేంద్రము 1994లో పనిచేయ నారంభించినది.

సంఘములో ఎవరుండవలెను

ఇండ్ల యజమానులు మాత్రమే చేరి, నెలకొక చందా వసూలు చేసి, వాకిట గేటు పెట్టించి, కావలివానిని ఉంచుటతో తృప్తిపడు సంఘములు చాల కలవు. గేటు దొంగను ఆపవచ్చును, దోమను ఆపలేదు. అద్దె గదులలో ఐదారుగురు చొప్పున, పగటి పాళివారు లేచిన చాపపై రాత్రి పాళివారు పండుకొను కార్మికులే అక్కడ జనములో పెద్ద భాగము. వారిలో అనేకుల ఓటు స్వగ్రామమున ఉండును. కావున పంచాయతీ ఎన్నికలలో వారి మాటకు బరువు లేదు. వారిని సభ్యులుగా చేర్చుకొనని సంఘము తన వీధిలోని సగము మలగుంటలను, సగము నీటి డ్రమ్ములను లెక్కలో వదలివేసినట్లే. కార్మికులకు తీరిక ఉండు వేళ సమావేశము జరుపవలెను; హిందీలోనో, గుజరాతీలోనో మాత్రమే కాక ఒడియా, తెలుగు తెలిసినవారి చేత కూడ చెప్పించవలెను. నీటి సంగతి ఆడువారికి తెలిసినంత మగవారికి తెలియదు గనుక వారు లేని కార్యవర్గము అసంపూర్ణము.

సంఘమును 1860 నాటి సంఘముల నమోదు చట్టము క్రింద నమోదు చేయవచ్చును. గుజరాత్‌లో గృహనిర్మాణ సహకార సంఘములకు 1961 నాటి సహకార చట్టము కలదు. నమోదు కాలేదని పని ఆపనక్కరలేదు. గ్రామసభలో మాట్లాడుటకు నమోదు పత్రము కావలసినది కాదు. 2006 నాటి పర్యావరణ ప్రకటన పరిధిలోనికి వచ్చు పెద్ద పరిశ్రమలకు అనుమతి ఇచ్చుటకు ముందు బహిరంగ విచారణ జరుగవలసియుండును. దానికి 30 దినములు ముందుగా పత్రికలలో తెలుపుదురు. ఆ ప్రకటన చూచి, పరిశ్రమవారి నివేదికను చదివి, వ్రాతమూలకముగా ప్రశ్నలు వేయుటకు ఒకరిద్దరు చదువుకొన్న యువకులు చాలుదురు. విచారణ నాడు కేకలు వేసి తిరిగివచ్చిన ఊరివారి మాట నివేదికలో ఒక పంక్తిగా మిగులును. కాగితముపై ఇచ్చిన ప్రతి ప్రశ్నకు పరిశ్రమ జవాబు చెప్పవలసివచ్చును.

చెత్త విషయమున పంచాయతీతో జగడమాడుటకు ముందు తడిచెత్తను పొడిచెత్తను ఇంటనే వేరు చేయుట నేర్చుకొనవలెను. మిల్లుల నుండి వచ్చు కృత్రిమ నూలు పీలికలను వీధి మూలలో కాల్చు అలవాటు ఆ ప్రాంతములలో కలదు. అవి ప్లాస్టిక్కు జాతివే. ఆ పొగ పీల్చు పసిపిల్లల ఊపిరితిత్తులకు అది కీడు.

వానకాలమునకు ముందు

దక్షిణ గుజరాత్‌లో ప్రతి వర్షాకాలమున లెప్టోస్పైరోసిస్ అను జ్వరము కనబడుచుండును. సూరత్, నవసారీ, వల్సాడ్ జిల్లాల వరిపొలములలోను, చెరకు తోటలలోను పనిచేయువారికి అది ఎక్కువగా సోకును. ఎలుకల, పశువుల మూత్రములోని సూక్ష్మజీవి నిలువ నీటిలో చేరి, కాలి పగుళ్ళ ద్వారా, గాయముల ద్వారా శరీరములో ప్రవేశించును. తీవ్ర జ్వరము, పిక్కలలో పట్టలేని నొప్పి, కన్నులు ఎర్రబారుట మొదటి గుర్తులు. ఆలసించినచో కామెర్లు, మూత్రపిండముల వైఫల్యము, ఊపిరితిత్తులలో రక్తస్రావము కలిగి ప్రాణము పోవును. జోల్వా వంటి ఊళ్ళలో పొలమునకును కాలనీకిని నడుమ ఒక్క మురుగుకాలువయే అడ్డు. వాన పడినప్పుడు ఆ అడ్డు ఉండదు. మిల్లు కార్మికుడు మోకాలి లోతు నీటిలో పనికి నడచి వెళ్ళునప్పుడు రైతుకూలీకి ఉన్న అపాయమే అతనికిని ఉండును. కాని జ్వరము వచ్చినప్పుడు పొలములో దిగితివా అని అడిగిన వైద్యునికి అతడు లేదనియే చెప్పును. నీటిలో నడచితినని చెప్పుమని సంఘమువారు అతనికి ముందుగా తెలిపియుంచవలెను.

నైరృతి వానలు సూరత్ జిల్లాకు సాధారణముగా జూను నెల నడుమ చేరును. కావున కాలువల పూడిక తీత మే నెల ముగియులోపల పూర్తి కావలెను. తీసిన పూడికను గట్టుమీదనే వదలినచో మొదటి వానకే తిరిగి కాలువలో పడును, బండిలో ఎత్తించి పంపవలెను. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయము నుండి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు విడువబడి సూరత్ నగరమున అధికభాగము మునిగినప్పుడు మేడలున్నవారు మేడ ఎక్కిరి. నేలమట్టపు గదులలో ఉన్నవారికి ఎక్కుటకు మెట్లు లేకపోయెను. ఏ వీధివారు ఏ మిద్దె ఎక్కవలెనో, ఆ మిద్దె తాళపు చెవి ఎవరివద్ద ఉండునో మే నెల సమావేశముననే నిశ్చయించి, ఆ పేర్లను అద్దె గదుల తలుపులపై అతికింపవలెను.